సీరియల్ లైట్లు వచ్చే పండుగ దాకా దాచేది ఎలా? చిక్కులు, ఎలుకలు, అటక వేడి

అటక పెట్టె
దీపావళి వెళ్ళి వారమైంది. బాల్కనీ నుంచి, మెట్ల నుంచి, తులసికోట దగ్గర నుంచి దించిన సీరియల్ సెట్లు పదకొండు హాలులో కుప్పగా పడి ఉన్నాయి. నిరుడు వాటిని ఒక బియ్యం సంచిలో కుక్కి అటక ఎక్కించాను. ఈసారి ధనత్రయోదశి నాడు దించితే అన్నీ కలిసి ఒకటే ముద్ద. మధ్యాహ్నం 2 గంటలకు కూర్చున్న నేనూ మా అత్తగారూ దీపాలు పెట్టే వేళ దాకా విప్పుతూనే ఉన్నాము. మూడు సెట్లు వెలగలేదు. ఒకదాని తీగను ఎలుక కొరికింది. ఏ పద్ధతిలో చుడితే మంచిది? ఎలుకలకు ఏమి చేస్తున్నారు? మా అటక సరిగ్గా స్లాబు కింద ఉంటుంది, ఎండాకాలంలో చెయ్యి పెడితే కాలుతుంది, అక్కడ ఉంచవచ్చా? రంగులు మార్చే కంట్రోలర్ డబ్బా ఉన్న సెట్లను వేరుగా దాచాలా?

బస్తీ చరఖా
గాలిపటాల చరఖా. ఇంతకు మించిన సాధనం నాకు దొరకలేదు. మాది హైదరాబాదు పాతబస్తీ. సంక్రాంతి వెళ్ళేసరికి మా ఇంట్లో మాంజా అయిపోయిన చరఖాలు నాలుగైదు మిగులుతాయి. ప్లగ్గు లేని కొసను ముందు కర్రకు కట్టి చుట్టడం మొదలుపెట్టాలి, ప్లగ్గు అన్నిటికంటే పైకి రావాలి. అప్పుడు మరుసటి ఏడాది ముందు ప్లగ్గు పెట్టి, వెలుగుతున్నదని చూసుకున్నాకే విప్పవచ్చు. మాంజాను బిగించినట్టు బిగించవద్దు. గాజు పొడి అంటుకుని ఉన్న చరఖా అయితే తడిగుడ్డతో బాగా తుడిచి ఆరబెట్టండి, లేకపోతే తీగ పై పొర గీసుకుపోతుంది. ఆరేళ్ళుగా మా ఇంట్లో ఒక్క సెట్టు కూడా చిక్కు పడలేదు.

గోదావరి గట్టు
ఎలుకల సంగతి నన్ను అడగండి. రాజమహేంద్రవరంలో మాది పెంకుటిల్లు, వాటితో కాపురం చేసినవాళ్ళం. తీగలో రుచి ఉండి ఎలుక కొరకదు. దాని ముందరి పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాలి. అందుకని సంచి, అట్టపెట్టె రెండూ పనికిరావు. మూత బిగుతుగా పట్టే బిస్కెట్ల రేకు డబ్బా ఒక్కటే గతి. లోపల నాలుగు కలరా ఉండలు వేసి మూసేస్తాను.

మైకు సెట్టు
పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు లైటింగు కట్టడం నాకు 22 ఏళ్ళ వృత్తి. ఒక్కో చవితికి మూడు వందల సెట్లు ఎక్కించి దించుతాను కాబట్టి నా మాట కొంచెం నమ్మండి. ఇళ్ళల్లో అందరూ చేసే పెద్ద తప్పు బొటనవేలికీ మోచేతికీ మధ్య తీగను చుట్టడం. అలా వేసిన ప్రతి చుట్టుకూ తీగ తనలో తాను ఒక మెలి తిరుగుతుంది. యాభై చుట్లు వేస్తే యాభై మెలికలు. లాగినప్పుడు ఆ మెలికలన్నీ ఉంగరాలై ఒకదానిలో ఒకటి దూరతాయి. లోపలి రాగి పోగులు తెగేదీ అక్కడే.

మేము మైకు తీగలను చుట్టే పద్ధతి నేర్చుకోండి. ఒక చుట్టు మామూలుగా వెయ్యాలి. రెండో చుట్టుకు మణికట్టును లోపలికి తిప్పి తీగను వెనకవైపు నుంచి తేవాలి. మూడోది మళ్ళీ మామూలుగా. ఒక మెలిని మరొకటి విప్పేస్తుంది. కొస పట్టుకుని విసిరితే తీగ గీత గీసినట్టు పరుచుకుంటుంది. చరఖా కూడా మంచిదే, కానీ చరఖాను తిప్పుతూ చుట్టాలి. చరఖాను కదలకుండా పట్టుకుని తీగను దాని చుట్టూ తిప్పితే మోచేతికి చుట్టినదానికీ దానికీ తేడా లేదు.

వెలగని ఆ మూడు సెట్లను పారేయవద్దు. పోయిన బల్బు ఏదో పట్టుకుని, దాన్ని కత్తిరించి, రెండు తీగలూ కలిపి టేపు చుట్టండి. వెలుగుతాయి.

ఓమ్ సూత్రం
చివరి పేరాతో నేను ఏకీభవించను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. దీన్ని సీరియల్ సెట్టు అనడానికి కారణమే బల్బులన్నీ ఒకే వరుసలో ఉండడం. పాత రకం సెట్టులో 40 బల్బులు ఉన్నాయనుకోండి. 230 వోల్టులను అవి సమానంగా పంచుకుంటే ఒక్కో దానికి 5.75 వోల్టులు. అయిదు తీసేసి కలిపితే మిగిలినవాటి మీద 6.57 పడుతుంది. పది తీసేస్తే 7.67. మిగిలిన బల్బులు ఎక్కువ కాంతితో వెలుగుతాయి, ఇంట్లోవాళ్ళు బాగుందని సంతోషిస్తారు, నెల తిరగకముందే అవీ మాడిపోతాయి. అదే వోల్టేజి బల్బు తెచ్చి ఆ స్థానంలో పెట్టడమే సరైన మరమ్మతు.

మైకు సెట్టు
లెక్క మీకు తెలుసు, పందిరి నాకు తెలుసు. రాత్రి పదిన్నరకు ఊరేగింపు బయలుదేరుతుంటే ఏ కొట్టుకు వెళ్ళి బల్బు తేవాలి? ఒక్కటి తీసి కలిపితే ఏమీ కాదు. ఇన్నేళ్ళలో నా సెట్టు ఒక్కటీ తగలబడలేదు.

ఓమ్ సూత్రం
ఒక్కటి అని ఈ ఏడాది అంటారు. వచ్చే ఏడాది ఇంకొకటి, ఆపై ఏడాది మరొకటి. ఎన్ని తీశారో ఎవరికీ లెక్క ఉండదు. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఒక్కో బల్బుకు ఆరు వోల్టులే కదా అని జనం ధైర్యంగా ముట్టుకుంటారు. తీగ ఎక్కడైనా తెగితే ఆ తెగిన చోట రెండు కొసల మధ్య ఉండేది పూర్తి 230 వోల్టులు. మా పక్క వాటాలో ఇలాగే టేపు ఊడిన అతుకును ఆరేళ్ళ పిల్లవాడు పట్టుకున్నాడు. ప్రాణం దక్కింది, రెండు వేళ్ళు కాలాయి. ఆ రోజు వాడి తల్లి ఏడుపు విన్నవాణ్ణి గనుక ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను.

కాకినాడ తీరం
తీరంలో ఉండేవాళ్ళ బాధ వేరు. ఇక్కడ చిక్కుల కంటే చిలుము ప్రమాదం. క్రిస్మస్‌కు మేము డాబా మీద నక్షత్రం, దాని చుట్టూ మాలలు కడతాము. జనవరిలో దించి వెంటనే పెట్టెలో పెట్టేస్తే, మళ్ళీ డిసెంబరులో తీసేసరికి ప్లగ్గు కాళ్ళకు, హోల్డర్లలో రాగికి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఇప్పుడు పొడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టుకుని లోపల వేస్తున్నాను. ఇంకొక మాట. సన్నని రాగి తీగ మీద చుక్కల్లా ఉండే బ్యాటరీ లైట్లలో సెల్లులు తీయకుండా దాచవద్దు. మావి కారిపోయి స్ప్రింగులు తినేశాయి, నాలుగు సెట్లు పోయాయి.

చంటిబిడ్డ తల్లి
పైన కలరా ఉండలు అన్నారు, మా వైపు డాంబరు గోళీలు అంటారు, రెండూ నాఫ్తలిన్ ఉండలే. పసిబిడ్డలు ఉన్న ఇంట్లో దయచేసి వాడవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ ఆవిరి తగిలితే రక్తకణాలు చితికిపోతాయి. మా బాబుకు ఆ లోపం ఉందని తెలిసిన రోజునే బీరువాల్లో, అటకల్లో ఉన్న ఉండలన్నీ ఏరి పారేశాము.

గోదావరి గట్టు
మా అమ్మమ్మ కాలం నుంచి పట్టుచీరల్లో వేస్తున్నాము, ఎవరికీ ఏమీ కాలేదు.

చంటిబిడ్డ తల్లి
మీ ఇంట్లో ఆ లోపం ఉన్న బిడ్డ పుట్టలేదు, అంతే. మీరే రేకు డబ్బా అన్నారు. రేకు డబ్బాను కొరకలేని ఎలుకకు లోపల మళ్ళీ ఉండలు ఎందుకు?

కొత్తదే మేలు
నూట యాభై రూపాయల వస్తువు కోసం ఇంత చర్చ అవసరమా? పండుగ అయ్యాక తీసి పారేయండి, వచ్చే ఏడాది కొత్తది కొనండి.

చిలపలు
అలా పారేసినవన్నీ ఎక్కడికి పోతున్నాయో మా ఊరి చెరువు గట్టు మీదకు వచ్చి చూడండి. తీగల్లో రాగి కోసం వాటిని కుప్ప పోసి తగలబెడుతుంటారు, ఆ పొగ పీల్చేది మేము. దాచుకోగలిగిన వస్తువును దాచుకోవడం పిసినారితనం కాదు.

మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. దారం చిక్కు పడకుండా చూసుకోవడమే మా బతుకు. మా అమ్మ ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలును మేకుల వరుస చుట్టూ తిప్పేది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు మేకుల చుట్టూ తిరగాలి, భుజం పట్టేసి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. చింతకింది మల్లేశం గారు తన తల్లి పడిన ఆ బాధ చూసే లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పటి నుంచి నేను చూసింది ఏమిటంటే, చిలప, అంటే నూలు చుట్ట, ఎంత పొడవైనా చిక్కు పడేది కొస వదులుగా ఉంటేనే. వదులు కొస ఒక చుట్టులోకి దూరుతుంది, అక్కడి నుంచి ముడి మొదలవుతుంది. అందుకే నూలు చిలపకు అడ్డంగా మూడు నాలుగు చోట్ల దారంతో కడతారు.

మైకు సెట్టు గారి పద్ధతిలోనూ ఈ ప్రమాదం ఉంది. అటూ ఇటూ మార్చి వేసిన చుట్లలోకి కొస ఒక్కసారి దూరితే, లాగినప్పుడు వరుసగా ముడి తరువాత ముడి పడుతుంది. ఏ పద్ధతిలో చుట్టినా రెండు కొసలనూ చుట్టకు కట్టేయండి. గట్టి దారం వద్దు, పాత చీర అంచు చింపిన గుడ్డ పేలిక చాలు, తీగను కోయదు.

మైకు సెట్టు
అది నిజమే. మేము రెండు కొసలనూ కలిపి ప్లగ్గులోనే దోపుతాము, రాయడం మరిచాను.

గణితం విద్యార్థి
చిలపలు గారు చెప్పినదాన్ని ప్రయోగం చేసి మరీ చూశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో రేమర్, స్మిత్ అనే ఇద్దరు ఒక తాడును పెట్టెలో వేసి గిరగిరా తిప్పారు. మూడు వేల సార్లకు పైగా. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి, మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. ముడులు క్షణాల్లో పడ్డాయి. సుమారు 46 సెంటీమీటర్ల కంటే పొట్టి తాడుకు మాత్రం దాదాపు పడలేదు. కొస పక్క చుట్ల కిందా పైనా జడలా అల్లుకుపోవడమే కారణమని వాళ్ళు తేల్చారు. పెట్టె ఇరుకైతే ముడులు తగ్గాయి కూడా. కాబట్టి పెద్ద పెట్టెలో వదులుగా వేయకుండా, ఒక్కో సెట్టును దానికి సరిపోయే చిన్న డబ్బాలో కదలకుండా పెట్టడం మంచిది.

డాలస్ నుంచి
మేము ఇక్కడ క్రిస్మస్ తరువాత తగ్గింపు ధరలకు కొని, దీపావళికి గుంటూరులో అమ్మావాళ్ళింటికి ఆరు సెట్లు తెచ్చాము. ఇక్కడి సెట్లు 120 వోల్టులవి. అక్కడ 230లో పెట్టగానే రెండు సెట్లు ఒక్క మెరుపు మెరిసి పోయాయి. దాచడం గురించి కాదు గానీ, తెచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే వోల్టేజి చీటీ చదివి తెచ్చుకోండి.

అటక పెట్టె
అందరికీ ధన్యవాదాలు. కానీ అటక వేడి గురించి, కంట్రోలర్ డబ్బా గురించి ఎవరూ చెప్పలేదు. నేను అడిగిందే ఆ రెండూ తెలియక. నిన్న రాత్రి ఎనిమిది సెట్లు చీరల మధ్య వచ్చే అట్టలకు చుట్టాను. అట్ట రెండు చివరలా కత్తెరతో చిన్న గాటు పెట్టి కొసలను అందులో ఇరికించాను. మా అత్తగారు ఒక్కోదాని మీద బాల్కనీ, మెట్లు, గుమ్మం అని పెన్నుతో రాశారు. డబ్బా ఉన్నవి మూడు అలాగే పడి ఉన్నాయి.

కాకినాడ తీరం
స్లాబు కింద వద్దమ్మా. తీగ మీది పీవీసీ పొరను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి కొన్నేళ్ళలో బయటికి పోతుంది, పొర బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది. మంచం కింద గానీ బీరువా అడుగున గానీ పెట్టండి.

మైకు సెట్టు
డబ్బా ఉన్నవాటిలో ముందు పాడయ్యేది తీగ డబ్బాలోకి దూరే చోటు. అక్కడ మడత పడకూడదు. చుట్టడం డబ్బా దగ్గర నుంచి మొదలుపెట్టవద్దు, అవతలి కొస నుంచి రండి. డబ్బాకు ఇటూ అటూ జానెడు తీగను వదులుగా వదిలి, డబ్బాను పాత సాక్సులో దూర్చి పైన పెట్టండి. నేను తీసే సెట్లలో సగం ఆ ఒక్క మడత దగ్గరే తెగి ఉంటాయి.

ఓమ్ సూత్రం
ఈ మాట అక్షరాలా నిజం, నేనూ అదే చూశాను. సాక్సు ఆలోచన బాగుంది. అతుకు సంగతి మాత్రం ఒప్పుకోను. అటక పెట్టె గారూ, మీ వెలగని మూడు సెట్లలో బల్బుల స్థానంలో టేపు చుట్టిన అతుకులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయగలరా?

అటక పెట్టె
ఇప్పుడే చూశాను. ఒకదానిలో ఏడు. అవి మా మామగారు ఉన్నప్పుడు వేసినవి.