రూప్‌కుండ్ ఎముకలు: కిందికి తేవాలా, అక్కడే వదిలేయాలా?

కొండదారి: ఉత్తరాఖండ్‌లో ఐదు వేల మీటర్ల ఎత్తున చిన్న చెరువు. మంచు కరిగినప్పుడల్లా పుర్రెలు తేలతాయి. నేను ట్రెక్‌కి వెళ్లినప్పుడు మా గుంపులో ఒకడు తొడ ఎముక భుజాన వేసుకుని ఫొటో దిగాడు, ఇంకొకడు పన్ను జేబులో వేసుకున్నాడు. ఇలాగైతే ఏం మిగులుతుంది? తెచ్చి మ్యూజియంలో పెట్టాలి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే ప్రాచీన మనిషి శవాన్ని ఇటలీవాళ్లు మైనస్ 6 డిగ్రీల గదిలో కాపాడట్లేదా?

గోదారిగట్టు: ఆ ఓట్జీని తవ్వేటప్పుడు డ్రిల్లు తుంటిలో దించారు. అది చెప్పరేం?

కొండదారి: 5,300 ఏళ్లనాటి మనిషని అప్పటికి తెలీదండీ.

వడగళ్లు: వీళ్లంతా వడగళ్లకే పోయారు. పుర్రెల మీద గుండ్రటి దెబ్బలున్నాయి. అక్కడి దేవత నందాదేవి కోపంతో వడగళ్లు కురిపించిందన్న కథా అదే. చర్చ అయిపోయింది.

కొండదారి: అవలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ కలిసి చేసిన 2019 డీఎన్ఏ పరిశోధనలో 38 మందిని చూస్తే, 23 మంది దక్షిణాసియావాళ్లు, క్రీ.శ. 800 ప్రాంతం. 14 మంది తూర్పు మధ్యధరా మూలాలవాళ్లు, 1800 ప్రాంతం. వెయ్యేళ్ల తేడాతో ఒకటే వానా?

వడగళ్లు: రెండోసారి కురవకూడదా?

పెసరట్టు: పేరు నిలబెట్టారు సార్.

గోదారిగట్టు: సరే, తెలుసుకున్నారుగా. ఇక దహనం చేసేయండి.

కొండదారి: ఓట్జీ భుజంలో బాణం ములుకు కనబడింది 2001లో, దొరికిన పదేళ్లకి. కాల్చేసుంటే? మీ సెంటిమెంట్ల వల్లే ఇక్కడ ఏదీ మిగలదు.

గోదారిగట్టు: అవును, సెంటిమెంటే! మా నాన్న పడవ బోల్తాపడి గోదాట్లో పోయారు. శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దానికి నిప్పు పెట్టాను, పదిహేనేళ్లవాణ్ణి. రేపెవడికో ఆయన ఎముక దొరికితే నంబరు రాసి గాజుపెట్టెలో పెడతారా?

కొండదారి: తెలీక అన్నాను, ఏమనుకోకండి. కానీ మీ నాన్నగారికి మీరున్నారు. ఆ 14 మంది పరాయిదేశం వాళ్లని ఎముకలుండబట్టే తెలిసింది. లేకపోతే మన యాత్రికులే అనుకునేవాళ్లం. వాళ్లకి దహనమా, ఖననమా? ఎవరి పద్ధతిలో చేస్తారు?

గోదారిగట్టు: ఏదో ఒకటి. చూడ్డానికి టికెట్టు మాత్రం పెట్టొద్దు.

కొండదారి: టికెట్టు లేకుండా, లోపలి గదిలో?

గోదారిగట్టు: ఆలోచిస్తా.

వడగళ్లు: రెండోసారి ఎందుకు కురవకూడదో ఎవరూ చెప్పలేదు.