సింథటిక్ మానిటరింగ్: నిజమైన యూజర్లు ఉండగా ఉత్తుత్తి యూజర్ ఎందుకు?

మాదాపూర్_ప్రొడక్ట్:
మాది ఐటీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న టీమ్. ఇన్నాళ్లూ సర్వర్ల సీపీయూ, మెమరీ, డిస్క్, లాగ్‌లు చూపించాం. ఇప్పుడు సింథటిక్ మానిటరింగ్ కలుపుతున్నాం. ఒక స్క్రిప్ట్ తనే బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, సెర్చ్ చేసి, పేమెంట్ పేజీ దాకా వెళ్లొస్తుంది. ఐదు నిమిషాలకోసారి, మూడు ఊళ్ల నుంచి. మొన్న డెమోలో ఒక కస్టమర్ అడిగారు: "నిజమైన యూజర్ల డేటా చేతిలో ఉండగా ఈ ఉత్తుత్తి యూజర్ ఎందుకండీ?" సరైన జవాబు ఇవ్వలేకపోయాను. రోజూ ఇలాంటివి వాడేవాళ్లు చెప్పండి.

ఆన్‌కాల్_కొండాపూర్:
నా మాట: వద్దు. రెండేళ్లు ఆ స్క్రిప్టులతో వేగాను. డెవలపర్లు ఒక బటన్ ఐడీ మారుస్తారు. సైట్ బాగానే ఉంటుంది, స్క్రిప్ట్ విరుగుతుంది. రాత్రి మూడింటికి ఫోన్ మోగుతుంది. ఇలా నాలుగుసార్లు అయ్యాక "నాన్నా పులి" కథే. అయిదోసారి నిజంగా సైట్ పడిపోయింది, అలర్ట్‌ను మ్యూట్ చేసి పడుకున్నాం. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఇంకొకటి. స్క్రిప్ట్ నడిచేది డేటా సెంటర్లో. 2022 నవంబర్ నుంచి ఏడబ్ల్యూఎస్‌కు (అమెజాన్ క్లౌడ్‌కు) హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, ఉంది. అక్కడున్న యాప్‌ను అక్కడి నుంచే టెస్ట్ చేస్తే పేజీ చిటికెలో వస్తుంది. మెట్రోలో నిలబడి, పాత ఫోన్‌లో, సగం సిగ్నల్‌తో తెరిచే మనిషి సంగతి అందులో ఎక్కడ కనిపిస్తుంది?

రాత్రి_షిఫ్ట్:
అన్నా, రెండో మాట నిజమే. వేగం ఎలా ఉందో అసలు యూజర్ల డేటానే చెప్పాలి. కానీ ఆ డేటా పంపేది పేజీలో పెట్టిన చిన్న జావాస్క్రిప్ట్ ముక్క. పేజీయే తెరుచుకోకపోతే అదీ లోడ్ అవదు, డేటా రాదు. తెల్లవారుజామున గ్రాఫ్ సున్నాకి పడితే సైట్ పోయిందా, జనం నిద్రపోతున్నారా? చూసి చెప్పడం కష్టం.

మాకు జరిగింది చెబుతాను. మేం చూసేది ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ సైట్. ఒక రాత్రి పేమెంట్ వైపు భద్రతా సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కు చెప్పేది) గడువు తీరింది. మా సర్వర్లన్నీ పచ్చగా ఉన్నాయి, సీపీయూ ఖాళీగా ఉంది. పొద్దున ఆరింటికి పేషెంట్ల ఇళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాకే మాకు తెలిసింది. ఒక్క స్క్రిప్ట్ ఆ దారిలో నడిచి ఉంటే రాత్రే దొరికేది.

టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లు వంటింట్లో గ్యాస్ ఉందా, పిండి ఉందా అని మాత్రమే చూస్తే చాలదు. కౌంటర్లో టోకెన్ తీసుకుని ఒక ప్లేట్ ఇడ్లీ తెప్పించుకుని చూడాలి.

మాదాపూర్_ప్రొడక్ట్:
టోకెన్ పోలిక డెమోలో వాడుకుంటానండి. కొండాపూర్ గారూ, ఆ రాత్రి అలర్ట్‌ల బాధకు ఏం చేస్తే మీరు ఒప్పుకునేవారు?

ఆన్‌కాల్_కొండాపూర్:
ఒక్కసారి ఫెయిలైతే వెంటనే మోగకూడదు. మళ్లీ ప్రయత్నించాలి, మూడు ఊళ్లలో రెండు చోట్ల ఫెయిలైతేనే ఫోన్ రావాలి. అలర్ట్‌తోపాటు స్క్రీన్‌షాట్, ఏ స్టెప్‌లో ఆగిందో ఉండాలి. బటన్ మార్చిన డెవలపర్ టీమే స్క్రిప్ట్ కూడా సరిచేయాలి. ఇది చివరిదే గానీ నాకు ముఖ్యమైనది ఇదే. మానిటరింగ్ టీమ్ నెత్తిన రుద్దితే ఆరు నెలల్లో స్క్రిప్టులన్నీ మూలన పడతాయి.

ఎస్‌ఎల్‌ఏ_లెక్కలు:
లెక్క కూడా చూడండి. సైట్ 99.9 శాతం సమయం నడుస్తుందని కస్టమర్‌కు హామీ ఇస్తే 30 రోజుల నెలలో దాదాపు 43 నిమిషాలే అంతరాయం ఉండాలి. 99.99 అయితే నాలుగు నిమిషాల పైచిలుకు. ఐదు నిమిషాలకోసారి చూసే స్క్రిప్ట్ ఆ నాలుగు నిమిషాల అంతరాయాన్ని అసలు చూడకుండానే దాటేయొచ్చు. అలాగని నిమిషానికోసారి నడిపితే మూడు ఊళ్లకు రోజుకు 4,320 బ్రౌజర్ రన్‌లు. ఆ బిల్లు ఎంతో కస్టమర్‌కు ముందే చెప్పండి. లాగిన్, పేమెంట్ లాంటి రెండు మూడు దారులకు మాత్రం పూర్తి బ్రౌజర్, మిగతా పేజీలకు మామూలు హెచ్‌టీటీపీ చెక్ (బ్రౌజర్ తెరవకుండా, పేజీ జవాబిస్తోందా అని మాత్రమే చూడడం) చాలు. 2024 జూన్‌లో వచ్చిన జాబిక్స్ 7.0లో (అది ఉచిత ఓపెన్ సోర్స్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్) కూడా బ్రౌజర్ మానిటరింగ్ చేరింది, కస్టమర్లు మీదాంతో పోల్చి చూస్తారు జాగ్రత్త.

సెక్యూరిటీ_టీమ్_నుంచి:
ఓటీపీ గురించి ఎవరూ అడగలేదేం? మన దగ్గర చాలా లాగిన్‌లు ఓటీపీ మీదే నడుస్తాయి. ప్రొడక్షన్‌లో టెస్ట్ నంబర్‌కు మారని ఓటీపీ పెట్టి తలుపు తెరిచి ఉంచితే నేను సంతకం పెట్టను.

మాదాపూర్_ప్రొడక్ట్:
పెట్టకండి, అది న్యాయమే. మొదటి విడతలో ఓటీపీ పేజీ వచ్చిందా లేదా అన్నంతవరకే చూస్తాం. ఓటీపీ దాటాలంటే విడిగా టెస్ట్ ఖాతా ఉండాలి, దానికి డబ్బు కదిపే హక్కు ఉండకూడదు, పాస్‌వర్డ్‌ల లాంటి రహస్యాలు వాల్ట్‌లో (వాటిని తాళం వేసి దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉండాలి. ఆ ఖాతా బుకింగ్‌లు కస్టమర్ రిపోర్టుల్లో కలవకుండా గుర్తు కూడా వేయాలి. ఆ డిజైన్ ఇక్కడే పెడతాను, మీరు చూసి చెప్పేదాకా రిలీజ్ చేయను.