అప్‌డేట్: 1890లో వెస్ట్ పాయింట్ టీమ్ ఒక్క మ్యాచే ఎందుకు ఆడిందంటే

వెస్ట్ పాయింట్‌లో ఉన్న అమెరికా ఆర్మీ అకాడమీ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు) రికార్డుల్లో 1890 సీజన్ కింద ఒకే మ్యాచ్, అదీ ఓటమి, ఎందుకుందని అడిగాను కదా. మీరు చెప్పినవి పట్టుకుని ఇంకాస్త చదివాను. అసలు అంతకుముందు అక్కడ టీమే లేదట! డెన్నిస్ మిచీ అనే క్యాడెట్ నేవీ అకాడమీతో మ్యాచ్ కుదిర్చి, తనే కెప్టెన్, తనే కోచ్ అయ్యి కుర్రాళ్లను తయారుచేశాడు (తండ్రి అక్కడే ప్రొఫెసర్, అది బాగా కలిసొచ్చింది లెండి). నవంబర్ 29న పరేడ్ మైదానంలోనే ఆట. ఏళ్లుగా ఆడుతున్న నేవీ 24-0తో చితక్కొట్టింది. అప్పట్లో టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించడానికి) 4 పాయింట్లే, బంతిని ముందుకి విసరకూడదు, గుంపుగా మీదపడి తోసుకోవడమే, కాబట్టి 24 అంటే మామూలు తేడా కాదు.

మరుసటి ఏడాది, అంతకుముందు యేల్ యూనివర్సిటీ జట్టులో ఆడిన హ్యారీ విలియమ్స్ కోచింగ్ ఇచ్చాక, ఆర్మీ వాళ్లు నేవీ అకాడమీ ఉన్న అన్నాపొలిస్ వెళ్లి మరీ 32-16తో లెక్క సరిచేశారు. మిచీ 1898లో క్యూబా యుద్ధంలో చనిపోయాడు, ఆర్మీ జట్టు ఇప్పటి స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. 1893 తర్వాత ఈ రెండు జట్ల మ్యాచ్ ఐదేళ్లు ఆపేశారు, ఎందుకు ఆపారో వివరంగా తెలిసినవాళ్లుంటే రాయండి.