అమెరికా ప్రభుత్వం డబ్బున్నవాళ్ల మాటే వింటుందని ఫస్టియర్ క్లాసులో చెప్పేయొచ్చా?

కృష్ణాతీరం:
చెప్పాల్సిందే అంటాను. రాజనీతి పరిశోధకులు గిలెన్స్, పేజ్ రాసిన 2014 పేపర్ చూడండి. 1981 నుంచి 2002 దాకా సర్వేల్లో జనాన్ని అడిగిన 1,779 విధాన ప్రశ్నలు తీసుకుని, నాలుగేళ్లలోపు ఆ మార్పు వచ్చిందా లేదా అని చూశారు. ధనికుల, లాబీల (ప్రభుత్వంపై ఒత్తిడి తెచ్చే సంఘాల) ఇష్టాలను లెక్కలో కలిపాక సగటు మనిషి అభిప్రాయానికి ప్రభావం దాదాపు సున్నా. మన పిల్లలేమో టెక్స్ట్‌బుక్‌లో 'మెజారిటీ పాలన' బట్టీపట్టి పరీక్ష రాసేస్తున్నారు.

లెక్కలపిచ్చి:
సగమే చెప్తే ఎలా సార్? బ్రానమ్, సొరోకా, వ్లెజీన్ అనే మరో ముగ్గురు పరిశోధకులు 2017లో అదే డేటా తిరగేశారు. దాదాపు 90 శాతం ప్రశ్నల్లో ధనికులదీ మధ్యతరగతిదీ ఒకే మాట. తేడా వచ్చిన 185 చోట్ల ధనికులు నెగ్గింది 53 శాతం, మధ్యతరగతి 47. దీన్ని పట్టుకుని 'ధనస్వామ్యం' అని బోర్డు మీద రాస్తే, రేపు రిగ్రెషన్ (ఏది దేన్ని ఎంత ప్రభావితం చేస్తుందో కొలిచే లెక్క) నేర్చుకున్న కుర్రాడు మిమ్మల్నే నిలదీస్తాడు.

కృష్ణాతీరం:
నిలదీయనివ్వండి, అందుకే కదా కాలేజీ! కానీ మీ 185లో రెండు వర్గాల మధ్య తేడా ఎంత చిన్నదైనా లెక్కలోకి వస్తుంది. గిలెన్స్ గట్టిగా పట్టుబట్టేది అభిప్రాయాలు బాగా దూరమైన చోట. పైగా ఈ గొడవంతా ధనికులకూ మధ్యతరగతికీ మధ్యే. పేదలు ఒక్కళ్లే కోరుకున్నవి నెగ్గడం చాలా అరుదని మీరు చెప్పిన పేపర్లోనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ హెడ్‌లైన్ చేయరు.

పాత_లెక్చరర్:
ఇద్దరూ పార్టీలను వదిలేశారు. రాజనీతి పరిశోధకుడు బార్టెల్స్ 1990ల మొదట్లోని అమెరికా సెనేట్ ఓట్లు చూస్తే, ఆదాయంలో అట్టడుగు మూడో వంతు వాళ్ల అభిప్రాయాలు ఏ పార్టీ సెనేటర్‌నూ కదిలించినట్టు కనబడలేదు. పైవాళ్ల మాట మాత్రం రిపబ్లికన్లు ఇంకాస్త ఎక్కువ విన్నారు. ఇక ఫ్రెంచ్ ఆర్థికవేత్త పికెటీ బృందం చూపించింది: 1950లలో చదువు తక్కువ ఉన్నవాళ్లు డెమోక్రాట్లకు వేసేవారు, ఇప్పుడు డిగ్రీ ఉన్నవాళ్లే అటు మొగ్గుతున్నారు. అంటే మన క్లాసులో కూర్చున్నవాళ్లు ఈ పాఠానికి ప్రేక్షకులు కారు, అందులో ఒక పక్షం. అది దాచి అసమానత గురించి ఎంత బాగా చెప్పినా, కాలేజీ మొహం చూడనివాళ్లకు అది పార్టీ ప్రచారంలాగే వినబడుతుంది.

లెక్కలపిచ్చి:
ఇది ఒప్పుకుంటాను. అయినా మొదటి వారం వద్దు. గిలెన్స్ డేటా ఆన్‌లైన్‌లోనే ఉంది, ఆరో వారంలో సగం క్లాసుకు ఒక పేపర్, మిగతా సగానికి రెండోది ఇచ్చి కొట్టుకోమనండి.

కృష్ణాతీరం:
ఆరో వారానికి సగం మంది కోర్సు డ్రాప్ చేసి పోయుంటారండీ. మొదటి వారమే.