సుగ్గికి పోయొచ్చిన పిల్లోణ్ని ఏ తరగతిలో కూర్చోబెట్టాలి?

ఎర్రనేల టీచర్:
ఆదివారం కర్నూలులో టీచర్ల సమావేశానికి పోయొచ్చాను. సమ్మిళిత విద్య (అన్ని రకాల పిల్లల్నీ కలిపి ఒకే తరగతిలో చదివించడం), కొత్త పద్ధతులు, పిల్లలే కేంద్రంగా బడి అంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. భోజనం బాగుంది, మాటలూ బాగున్నాయి. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం హాలు రెండుగా చీలింది. అడిగింది నేనే కాబట్టి ఇక్కడా అడుగుతున్నా.

నాది కోసిగి వైపు ఇద్దరు టీచర్ల బడి. దీపావళి దాటితే ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతారు, దాన్నే మేం సుగ్గికి పోవడం అంటాం. ఇంట్లో అవ్వో తాతో ఉంటే పిల్లలు ఆగుతారు, లేకుంటే వాళ్లూ బండి ఎక్కుతారు. మళ్లీ వచ్చేది ఉగాదికి అటూ ఇటూగా. అప్పటికి నాలుగో తరగతి పిల్లోడు గుణింతాలు కూడా మర్చిపోయి ఉంటాడు. బడికి దూరమైన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్తుంది. నేను మాత్రం వాణ్ని రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి, చదవడం వచ్చాకే నాలుగుకు పంపిస్తున్నా. తప్పు చేస్తున్నావన్నారు కొందరు. మీరేమంటారు?

చాక్‌పీసు తాత:
తప్పేం లేదు నాయనా. చదవడం రానివాడి ముందు నాలుగో తరగతి పాఠం తెరిచి పెట్టడమే తప్పు.

ఇక ఆ సమావేశం మాటలంటావా, అవి నాకు కొత్త కాదు. ఎనభైల్లోనే బ్రిటన్ సాయంతో ‘ఆపెప్’ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. చేసి నేర్చుకోవడం, జట్టుగా పని, పిల్లల మధ్య తేడాల్ని గమనించి చెప్పడం, ఊళ్లో దొరికేవాటినే వాడటం, పిల్లలు చేసినవి గోడలకు తగిలించడం... ఇట్లా ఆరు సూత్రాలు. బట్టీ వద్దని చెప్పే ఆ సూత్రాల్నే మేం బట్టీ పట్టాం! చింతగింజలు, పుల్లలు, చార్టులు అన్నీ చేశాం. ఇన్‌స్పెక్షన్ రోజు గోడలనిండా బొమ్మలే, మర్నాడు బీరువాలో. పద్ధతి మంచిదే. ముప్పై మందిని, మూడు తరగతుల్ని ఒక్కడు పట్టుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు.

భవిత మేడం:
సార్, మీ మీద గౌరవం ఉంది, అయినా ఒప్పుకోలేను. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తాను. ‘కొన్నాళ్లు విడిగా’ అన్నది ఎప్పుడూ కొన్నాళ్లతో ఆగదు, అది నా అనుభవం.

సరిగా వినపడని పాప ఒకటి వారంలో మూడు రోజులు మా భవిత కేంద్రానికి, అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం విడిగా నడిపే కేంద్రానికి, వచ్చేది. తన బడిలో ఆ పాపను పేరు పెట్టి పిలవడం మానేశారు. ‘భవిత పాప’ అనేవాళ్లు. మళ్లీ తరగతిలో కూర్చోబెట్టించాను. దానికి పైసా ఖర్చు కాలేదు. పాప ముందు వరుసలో కూర్చుంది. సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు మానుకున్నారు. ఆ పాప పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది, వీపు చూసి ఏం అర్థం చేసుకుంటుంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో మూల కేటాయిస్తూ పోతే బడంతా మూలలే అవుతుంది.

బుధవారపేట నాన్న:
అందరూ టీచర్లే మాట్లాడుతున్నారు, తల్లిదండ్రుల మాట కూడా వినండి. వెనకబడినవాళ్లను కలుపుకోవాల్సిందే, కాదనను. అయితే వాళ్లకోసం మా వాడు ఆగాలా? చెప్పిందే చెప్తున్నారని రోజూ ఇంటికొచ్చి గోల. ప్రైవేటులో ఫీజు కట్టేది అందుకేనా?

మదనపల్లె దారి:
మీ వాడు ఆగక్కర్లేదన్నా. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుండే బడులు నడిపారు. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. గోడమీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది. పిల్లోడు తనున్న మెట్టు చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. నెల రోజులు రాకపోయినా ఆపిన మెట్టు దగ్గర్నుంచే మొదలుపెడతాడు. చెన్నై కార్పొరేషన్ టీచర్లు అక్కడే నేర్చుకుని వెళ్లారు, తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ అదే పద్ధతి పాకింది. సుగ్గి పిల్లలకు ఇంతకన్నా సరిపోయేది నాకు కనపడలేదు.

చాక్‌పీసు తాత:
కార్డులు చిరిగిపోతే మళ్లీ ఎవరిస్తారు నాయనా? మండల విద్యాధికారి (ఎంఈఓ) గారిని అడగాలా?

సుగ్గి పిల్లోడు:
నేను పెద్దకడుబూరు వైపువాణ్ని. ఇప్పుడు ఆదోనిలో డిగ్రీ చదువుతున్నా. ఐదో తరగతిలో మూడు నెలలు కోతలకు పోయొచ్చా. సార్ మంచోడే, తిట్టలేదు, కొట్టలేదు. రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోమన్నాడు, అంతే. అక్కడ మా చిన్నమ్మ కూతురు కూర్చుని ఉంది. నాకంటే మూడేళ్లు చిన్నది. నాకు అక్షరాలు దిద్దించమని సార్ దానికే చెప్పాడు. మూడో రోజు నుంచి బడి ఎగ్గొట్టి గొర్రెల వెంట పోయినా. ఆ మరుసటి ఏడు హాస్టల్లో వేశారు కాబట్టి చదివినా, లేకుంటే లేదు.

ఇంకోటి. చదవడం మర్చిపోయి ఉంటాం కానీ మాకేమీ రాదనుకోవద్దు సార్. మా అమ్మ ఎన్ని కిలోలు కోసింది, కిలోకి ఎంత, కూలీలను తీసుకుపోయే మేస్త్రి ముందిచ్చిన అడ్వాన్సు కింద ఎంత పట్టుకున్నాడు, చేతికి ఎంత రావాలి, ఇదంతా నోటిలెక్కే. రాత్రి గుడారంలో ఆ లెక్క చేసేది నేనే. తిరిగొచ్చాక ఒక్క సారు కూడా అది అడగలేదు.

ఎర్రనేల టీచర్:
తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివా. మా బడిలో నేను చేసింది కూడా అచ్చం అదే. పెద్దోణ్ని చిన్నపిల్లకు అప్పజెప్పడం సాయం అనుకున్నా.

అయినా మేడం చెప్పినట్టు రోజంతా నాలుగో తరగతిలోనే ఉంచితే వాడికి చదవడం ఎప్పుడు వస్తుంది? నాలుగో తరగతి తెలుగు పాఠం జరుగుతున్నంతసేపూ వాడు తల దించుకునే ఉంటాడు. అది కూడా విడిగా కూర్చోబెట్టినట్టే, అందరి మధ్యలో.

భవిత మేడం:
ఒక గంట మాత్రం గుంపులు మార్చండి సార్, అయితే ఒక్క సుగ్గి పిల్లల్నే కాదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందర్నీ కలిపి చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేయించేది అదే కదా. అప్పుడు ఎవడు ఎందుకు కదిలాడో ఎవరికీ పట్టదు. మిగతా టైమంతా వాళ్ల తరగతిలోనే. లెక్కలకు మాత్రం కదపొద్దు, ఆ అబ్బాయి చెప్పింది విన్నారుగా.

చాక్‌పీసు తాత:
మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టుకో నాయనా. అప్పుడు ఎలాగూ సగంమంది తూగుతుంటారు, లేచి కదలడం మంచిదే.

ఎర్రనేల టీచర్:
సరే. తొమ్మిదిమంది తిరిగి రావాలి, నలుగురే వచ్చారు. సోమవారం నుంచి చేసి చూస్తా. ముందు కూలి లెక్క అడుగుతా. తమ్ముడూ, అక్కడ మేస్త్రి పట్టుకునేవి అడ్వాన్సు కాకుండా ఇంకేం ఉంటాయి?

సుగ్గి పిల్లోడు:
బండి చార్జీ, బియ్యం, కట్టెలు. పండక్కి ఇచ్చిన డబ్బులు కూడా పట్టుకుంటారు సార్, అది మర్చిపోవద్దు.