క్యూరీ ఉష్ణోగ్రత 310 డిగ్రీలైతే, నియోడైమియం అయస్కాంతం 120కే ఎందుకు నీరసించింది?

ప్రశ్న

20 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న ఎన్42 గ్రేడు నియోడైమియం బిళ్లలను అల్యూమినియం పలకకు ఎపాక్సీతో అతికించి, 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచాం. పూర్తిగా చల్లారాక గాస్‌మీటర్‌ పెట్టి చూస్తే మునుపటికన్నా 40 శాతం దాకా తక్కువ చూపిస్తోంది. క్యూరీ ఉష్ణోగ్రత 310 డిగ్రీల దగ్గర కదా, ఇంత బలం ఎలా పోయింది? తిరిగి వస్తుందా?

జవాబు 1

క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతత్వం పూర్తిగా పోతుంది. అంతకు చాలా ముందే తగ్గిపోయేది కోఎర్సివిటీ, అంటే ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి. మీ సమస్య అక్కడే ఉంది.

నియోడైమియంలో రెమనెన్స్, అంటే బయటి క్షేత్రం తీసేశాకా మిగిలే అయస్కాంత బలం, డిగ్రీకి సుమారు 0.11 శాతమే తగ్గుతుంది, చల్లారితే ఆ తగ్గుదల తిరిగి వచ్చేస్తుంది. కోఎర్సివిటీ మాత్రం డిగ్రీకి 0.6 శాతం దాకా పడిపోతుంది. ఎన్42కి 20 డిగ్రీల దగ్గర అది మీటరుకు 955 కిలోఆంపియర్లు. 120కి చేరేసరికి 380 మిగులుతుంది. ఇంత పలుచని బిళ్ల చుట్టూ ఇనుము లేకపోతే దాని ధ్రువాలే దానిలోపల సుమారు 650 ఎదురు క్షేత్రాన్ని పుట్టిస్తాయి. 380 తట్టుకునేదాని మీద 650 పడితే చాలా డొమైన్లు (ఒకే దిశలో అయస్కాంతీకరించి ఉన్న లోపలి చిన్న ప్రాంతాలు) తిరగబడతాయి. చల్లారినంత మాత్రాన అవి వాటంతట అవి వెనక్కి రావు.

ఎన్ గ్రేడుకు రాసే 80 డిగ్రీల పరిమితి కూడా ఇలాంటి పలుచని బిళ్లకు వర్తించదు. ఆకారం, చుట్టూ ఉన్న ఇనుము చూడకుండా ఆ అంకెను నమ్మొద్దు.

జవాబు 2

పై లెక్క సరైనదే. పోయిన బలం తిరిగి వస్తుంది: లోహం నిర్మాణం చెడలేదు, పూత లేచి తుప్పు పట్టకపోతే చాలు. క్షణకాలం బలమైన క్షేత్రాన్నిచ్చే పల్స్ మాగ్నెటైజర్‌తో 3 టెస్లా దాకా క్షేత్రం ఇస్తే దాదాపు మొదటి విలువకు చేరుతుంది. పక్కపక్కన వ్యతిరేక ధ్రువాలుంటే మాత్రం దానికి తగిన కాయిల్ ఫిక్స్చర్ కావాలి.

ఇకముందు అయస్కాంతీకరించని బిళ్లలనే అతికించి, ఎపాక్సీ గట్టిపడ్డాక మాగ్నెటైజ్ చేయించడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీ వాడండి. ఒక్క వెనకవైపు ఉక్కు పలక చాలదు. రెండువైపులా ఉక్కు పెట్టి, మధ్య ఖాళీ 1 మి.మీ.కి మించకుండా చూస్తే 120ని తట్టుకోవచ్చు. 42ఎస్‌హెచ్ (వేడిని ఎక్కువ తట్టుకునే గ్రేడు) తీసుకుంటే ఇనుము లేకున్నా గట్టెక్కుతుంది, కానీ వెసులుబాటు కొంచెమే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. ఖర్చు తగ్గుతుందని ఐరన్ ఆక్సైడ్ ఆధారిత ఫెర్రైట్‌కు మారితే ఈ బెడద ఉండదా?

జవాబు 1

వేడితో ఉండదు, చలితో ఉంటుంది. ఫెర్రైట్ కోఎర్సివిటీ వేడికి పెరుగుతుంది, డిగ్రీకి 0.3 శాతం దాకా. అంటే మైనస్ 40 డిగ్రీల దగ్గర గది విలువలో ఆరోవంతుకు పైగా తగ్గుతుంది. మోటార్ అయితే అతి చలిలో, స్టార్టింగ్ కరెంట్ గరిష్ఠంగా ఉన్న క్షణానికే లెక్క వేయాలి. పైగా రెమనెన్స్ నియోడైమియంలో మూడోవంతే, డిగ్రీకి 0.2 శాతం తగ్గుతుంది కూడా. అదే కొలతల బిళ్ల పెట్టి అదే టార్క్ ఆశించవద్దు.