లై డిటెక్టర్ పట్టేది అబద్ధాన్నా, భయాన్నా?

కృష్ణాతీరం (ప్రశ్న):
ఏ పెద్ద కేసు వచ్చినా నిందితుడికి పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్ష అంటూ వార్తలు చూస్తున్నాం. అసలు ఆ యంత్రం కొలిచేదేమిటి? నిజం చెప్పేవాడు కూడా ఇరుక్కుంటాడా? చేయించుకోనంటే తప్పు ఒప్పుకున్నట్టేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నాడి_పలుకు:
అబద్ధానికంటూ ఒంట్లో విడిగా ఒక గుర్తు లేదండి. కాబట్టి ఏ యంత్రమూ దాన్ని నేరుగా కొలవలేదు. ఛాతీకి, పొట్టకి చుట్టిన రెండు గొట్టాలు ఊపిరిని చూస్తాయి. చేతికి కట్టిన బీపీ పట్టీ రక్తపోటు, నాడి మార్పులను చూస్తుంది. వేళ్లకు తొడిగిన ఎలక్ట్రోడ్లు చెమటను పట్టిస్తాయి. కాలివేళ్లు బిగబట్టి గ్రాఫు చెడగొట్టేవాళ్లు ఉంటారని కుర్చీలో కదలిక పట్టే సెన్సర్ కూడా పెడతారు.

ప్రశ్నలు ముందే చదివి వినిపిస్తారు. పదికి అటూ ఇటూగా ఉంటాయి, జవాబు అవును, కాదు, అంతే. ఒక్కో ప్రశ్న తర్వాత 20–25 సెకన్లు ఆగాలి. ఆగకపోతే ముందు ప్రశ్న రేపిన కలవరం తర్వాతి దాని ఖాతాలో పడుతుంది. మొత్తం వరుసను కనీసం మూడుసార్లు నడుపుతారు. పట్టీ బిగువుకు చెయ్యి తిమ్మిరెక్కుతుంది కనుక ఒక్కో విడత కొద్ది నిమిషాలే.

అసలు కీలకం పోలిక ప్రశ్న. "ఆ డబ్బు నువ్వే తీశావా?" అన్నదాని పక్కన "నమ్మినవాళ్లను ఎప్పుడైనా మోసం చేశావా?" అని పెడతారు. దోషి మొదటిదానికి, నిర్దోషి రెండోదానికి ఎక్కువ కంగారు పడతారని ఊహ. ఆ తేడాకు -3 నుంచి +3 దాకా మార్కులు వేస్తారు. పద్ధతి బోల్తా పడేది ఇక్కడే. నిర్దోషిని జైలుకు పంపేదీ మొదటి ప్రశ్నే, అతను దానికి భయపడకుండా ఎలా ఉంటాడు?

లెక్కల_మేస్త్రి:
గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లలో అమాయకులూ ఉంటారు. ఎంతమందో 2003లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ లెక్క కట్టింది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుందాం. వాళ్లలో 8 మందిని పట్టేలా పరీక్షను బిగిస్తే, ఏ పాపం తెలియని 1,598 మంది కూడా ఫెయిలవుతారు. అమాయకులను కాపాడాలని సడలిస్తే గూఢచారుల్లో ఎక్కువమంది దాటిపోతారు. యంత్రం ఎంత మంచిదైనా, దోషులు అరుదుగా ఉన్నచోట ఈ చిక్కు తప్పదు.

రెండోవైపు ఆల్డ్రిచ్ ఏమ్స్‌ను చూడండి. సోవియట్లకు రహస్యాలు అమ్ముతూనే ఈ సీఐఏ (అమెరికా గూఢచారి సంస్థ) అధికారి 1986లో, 1991లో పాలిగ్రాఫ్ గట్టెక్కాడు. 1994లో గానీ అరెస్టు కాలేదు.

మన ధర్మశాస్త్రాల్లోని తండుల దివ్యం కూడా ఇలాంటిదే. దొంగతనం అనుమానం ఉన్నవాడితో బియ్యం నమిలించి, ఉమ్మితే రక్తం కనిపిస్తే దోషి అనేవాళ్లు. భయానికి నోరెండి బియ్యం గీరుకునేది దొంగకొక్కడికే కాదు కదా.

కోర్టు_హాలు:
మూడో ప్రశ్నకు జవాబు: కాదు. సెల్వీ వర్సెస్ కర్ణాటక కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా పాలిగ్రాఫ్, నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలను చూడటం) చేయకూడదని తేల్చింది. ఆధారం రాజ్యాంగం 20(3) (నిందితుణ్ని తనపై తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణలు. ఒప్పుకున్నా పోలీసుల ముందు సంతకం చాలదు. లాయరును కలిసే అవకాశం ఇవ్వాలి, పరీక్ష వల్ల ఒంటికి, మనసుకు, కేసుకు ఏమవుతుందో చెప్పాలి, సమ్మతిని మేజిస్ట్రేటు ముందు నమోదు చేయాలి. అప్పుడు కూడా ఆ ఫలితం దానంతటది సాక్ష్యం కాదు. ఆ సమాచారంతో ఏదైనా వస్తువు బయటపడితే దాని సంగతి వేరు, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు.

కృష్ణాతీరం:
ధన్యవాదాలండీ. మరి కళ్లు, చేతులు చూసి కనిపెట్టేస్తాం అంటారే?

నాడి_పలుకు:
నమ్మకండి. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, జనం సరిగ్గా గుర్తించింది 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. చూపు తిప్పుకోవడం లాంటివి చాలా బలహీనమైన గుర్తులు. మాటలో వివరాన్ని పట్టుకోండి. మీ దగ్గరున్న ఆధారం ముందే బయటపెట్టకుండా మొత్తం చెప్పించండి. తర్వాత అవతలివాళ్లు ఊహించని ప్రశ్న అడగండి: ఎవరు ఎక్కడ కూర్చున్నారు, బిల్లు ఎవరు కట్టారు. ఇద్దరుంటే విడివిడిగా అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి.